పడవతోక కారు: దాని అందము, దాని వెల



నేడు నేను చెప్పబోవునది అమెరికా దేశములో 1971 మొదలు 1973 వరకు తయారైన ఒక మోటారు కారును గూర్చి. దాని పేరు బ్యుయిక్ రివియేరా. ఆ మూడేండ్ల రివియేరాను అచ్చటివారు ముద్దుగా పడవతోక కారందురు. అది పుట్టి యాబదియేండ్లు దాటినది. అయినను నేటికిని అమ్మకపు ప్రకటనలలో అది కనబడుచునే యున్నది. దానిని చూచి మనసుపడువారును ఉన్నారు.

మోటారు కార్ల అందచందములతో మాకేమి పని యని మీరనవచ్చును. దీనికి రెండు సమాధానములు గలవు. మన తెలుగు బిడ్డలు అనేకులు నేడు మిచిగను రాష్ట్రమున, డెట్రాయిటు నగర పరిసరములలో, మోటారు పరిశ్రమలోనే ఉద్యోగములు చేయుచున్నారు. ఎప్పుడో ఒకనాడు మీ మనుమడు టెలిఫోనులో, "తాతయ్యా, ఇచ్చట ఒక పాతకారు అమ్మకమునకు వచ్చినది, కొనదలచితిని" అని చెప్పినచో, అతనిని అడుగవలసిన ప్రశ్నలు మీకు తెలిసియుండుట మంచిది. ఇది మొదటి సమాధానము. రెండవది అంతకంటె ముఖ్యమైనది. మీరు సంతలో ఎడ్లజతలను కొన్నవారు. కొమ్ముల సొంపును, మూపురపు ఠీవిని చూచి మురిసిపోయి, పండ్లు పట్టి చూడక బయానా ఇచ్చినవాని గతి యేమగునో మీరెరుగుదురు. అందము మనుష్యుని చేతినుండి సొమ్ము నెట్లు తీయించును, ఆ అందము వెనుక ఏయే నష్టములు దాగియుండును, అవి తెలిసియు దానిని కోరుట అవివేకమేనా యను సంగతులు ఈ యొక్క కారును పరిశీలించినచో చక్కగా విశదమగును.

ముందుగా కూపే యను మాట. ఇది ఫ్రెంచి భాషలోనిది; కోయబడినది యని దాని యర్థము. పూర్వము ఐరోపాలో గుఱ్ఱపు బండ్లలో ఎదురెదురుగా రెండు వరుసల ఆసనము లుండెడివి. ముందరి వరుసను కోసివేసి, వెనుకటి వరుసను మాత్రమే యుంచి చేసిన పొట్టి బండికి కూపే యని పేరు వచ్చెను. మోటారు కార్లు వచ్చిన పిమ్మట, రెండే తలుపులును వాలుగా దిగు పైకప్పును గల కారునకు ఆ పేరు నిలిచినది. నాలుగు తలుపుల కారు కుటుంబము కొరకు, కూపే తనకొరకు. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో ముందు చెప్పబోవునది సులభముగా బోధపడును.

కారు అందముగా నుండవలెనను పట్టుదల అమెరికాలో మొదటినుండి యున్నది కాదు. హెన్రీ ఫోర్డు తన మోడల్ టి కారును 1914 నుండి 1925 వరకు నలుపు రంగులో మాత్రమే అమ్మెను. చవుకగా నుండవలెను, చెడక నడువవలెను. అంతకు మించిన కోరిక కొనువారికిని లేకుండెను. కాని దేశములో చాలమందికి ఒక్కొక్క కారు సమకూడిన తరువాత, నడుచుచున్న కారును విడిచి క్రొత్తది కొనుటకు కారణ మేమి కావలెను? జనరల్ మోటార్సు కంపెనీకి పెద్దయైన ఆల్ఫ్రెడ్ స్లోను ఈ చిక్కు ప్రశ్నకు జవాబు కనుగొనెను. ఏటేట రూపము మార్చినచో పాతది పాతదిగా కనబడును. కొనువాడు తనంతట తానే వచ్చును. ఈ పనికై 1927లో అతడు హార్లీ ఎరల్ అను నతనిని పిలిపించెను. ఎరల్ కాలిఫోర్నియావాడు, సినిమా నటులకు ప్రత్యేకముగా కార్లను తీర్చి యిచ్చినవాడు. కార్ల రూపము తీర్చుటకే యొక శాఖ ఆనాడు ఏర్పడినది.

ఈ శాఖలో పని జరుగు తీరు మీకు వింత గొలుపును. కారు మొదట కాగితముపై గీతగా పుట్టును. పిదప మట్టిలో రూపు దాల్చును. ఆ మట్టి మన కుమ్మరి మట్టి వంటిది కాదు. మైనమును నూనెను కలిపి చేసినది, ఎండి పగులదు. వెచ్చజేసినచో మెత్తబడును, చల్లారినచో గట్టిపడును. కొయ్యచట్రముపై దానిని మెత్తి, నిజమైన కారంత నిడివిగల విగ్రహమును చేయుదురు. పనివారు చేతి పనిముట్లతో వెండ్రుకవాసి మందమును గీకుచు, ఒక్కొక్క మడతను సరిదిద్దుదురు. తుదకు పైన రంగుపొర నంటించినచో, దూరమునుండి చూచువారికి అది నడుపుటకు సిద్ధముగా నున్న కారువలెనే తోచును. ఇనుపరేకు నొక్కు అచ్చులను దాని కొలతలను బట్టి చేయుదురు. కనుక ఈ కారు చక్కదనము యంత్రము పుట్టించినది కాదు. మనుష్యుల చేతివ్రేళ్లు పుట్టించినది.

1958లో ఎరల్ విశ్రాంతి పుచ్చుకొనగా, అతని శిష్యుడు బిల్ మిచెల్ ఆ యాసనమును అధిష్ఠించి 1977 వరకు నిలిచెను. ఆ 1958లోనే ఫోర్డు కంపెనీవారు థండర్‌బర్డు అను తమ చిన్నకారును నలుగురు కూర్చుండదగినట్లు పెంచి బజారులో పెట్టగా, అది బాగుగా అమ్ముడుపోయినది. సంపద గల గృహస్థు తానే నడుపుకొనుటకు, నలుగురిలో తన స్థితిని చాటుకొనుటకు తగిన రెండు తలుపుల విలాసపు కారునకు గిరాకి గలదని అప్పుడు తేటతెల్లమైనది. దానికి పోటీగా మిచెల్ శాఖవారు తీర్చినదే 1963 నాటి రివియేరా. ఆ పేరు ఫ్రాన్సు, ఇటలీ దేశముల సముద్రతీరపు విహారభూములది. మొదటి సంవత్సరము కావలెనని 40,000 కార్లు మాత్రమే చేసిరి. పదునైన అంచులతో, అనవసరపు నగలు లేక, నిగ్రహముగల అందముతో నుండిన ఆ కారును నేటికిని చిత్రకారులు మెచ్చుకొందురు.

ఎనిమిదేండ్లు గడచునప్పటికి ఆ నిగ్రహము మిచెల్‌కు చాలలేదు. అతనికి చిన్ననాటి కార్లమీద మక్కువ యుండెను. 1930 ప్రాంతములలో అమెరికాలో ఆబర్న్ స్పీడ్‌స్టర్ వంటి కొన్ని ఖరీదైన కార్లకు వెనుకభాగము పడవ కొనవలె సన్నగిలి ముగిసెడిది. 1963లో మిచెల్ తన కార్వెట్ స్టింగ్ రే యను చిన్న పందెపు కారునకు ఆ పోలికను తెచ్చి, వెనుక అద్దమును నడుమ వెన్నెముకవంటి పట్టీతో రెండుగా చీల్చెను. ఆ పట్టీ దారి చూచుట కడ్డమైనందున ఒక్క యేడాదికే దానిని తీసివేయవలసివచ్చెను. ఆ కోరిక మాత్రము అతనిని విడువలేదు. జెర్రీ హర్ష్‌బర్గ్ అను యువ చిత్రకారుడు బ్యుయిక్ కొరకు పడవతోక రూపమును గీయగా దానికి మిచెల్ అండ లభించినది. ఈ హర్ష్‌బర్గే తరువాత నిస్సాను కంపెనీకి కాలిఫోర్నియాలో రూపకల్పనశాలను నెలకొల్పినవాడు.

ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. హర్ష్‌బర్గ్ తలచినది కొంచెము చిన్న కారు. ఖర్చు కలిసివచ్చుటకై కంపెనీవారు తమ పెద్దకార్ల చట్రపు భాగములపైననే దీనిని కట్టవలెనని నిర్ణయించిరి. చిన్నవానికి కుట్టిన చొక్కాను పెద్దవానికి పట్టునట్లు సాగదీసినట్లయ్యెను. ముందు చక్రమునకును వెనుక చక్రమునకును నడుమ 122 అంగుళములు. మొత్తము నిడివి 18 అడుగులకు పైమాట. వెడల్పు దాదాపు 80 అంగుళములు. బరువు 4,000 పౌనులకు మించినది. సన్నని పడవకు తగిన తోక ఓడంతటి శరీరమునకు వచ్చి చేరినది. ఈ కారునందలి ఘనతయు లోపమును రెండును ఈ యొక్క నిర్ణయమునుండియే పుట్టినవని నా యభిప్రాయము.

ఇక మీరు దాని చుట్టును ఒకసారి నాతో నడువుడు. ఎదుట నిలిచి చూచినచో ముక్కుభాగము నిటారుగా నుండక ముందునకు ఒరిగి, పరుగెత్తబోవు జంతువు మెడ చాచినట్లుండును. ఇంజనుపై మూత చాల పొడవైనది. ఇంతటి మూతక్రింద ఎంతటి బలము గలదో యని చూపరి మనసు తనంతట తానే లెక్క వేసికొనును. పొడవైన మూత, పొట్టిదైన వెనుకభాగము: అమెరికా కూపేల అందమునకు ఇది మూలసూత్రము. ఎద్దుకు ముందరి భుజములు ఎత్తుగను వెనుకభాగము బిగువుగను ఉన్నచో మనము బలశాలి యందుము గదా, ఇదియు నట్టిదే.

ప్రక్కనుండి చూచినచో ముందు చక్రము పైనుండి బయలుదేరిన ఒక గీత మెల్లగా క్రిందికి జారి, తలుపు దాటిన తరువాత వెనుక చక్రముపై ఒక్కసారిగా లేచును. అది అలవంటిది. బ్యుయిక్ కార్ల ప్రక్కలపై ఇట్టి జారుగీతను 1949 నుండియే పెట్టుచుండిరి. ఆనాడది రేకుపై బిగించిన తెల్లని లోహపు పట్టీ. ఈ కారులో అది రేకులోని మడతయే. పూసికొన్న గంధమునకును మేని చాయకును ఉన్నంత భేదము ఈ రెంటికిని గలదు. తలుపునకును వెనుక కిటికీకిని నడుమ స్తంభము లేదు. అద్దములు దించినచో ఆ ప్రక్క అంతయు ఒక్కటే ద్వారమువలె తెరచుకొని, పైకప్పు గాలిలో తేలుచున్నట్లు కనబడును.

వెనుకకు వచ్చినచో మాటలు తడుముకొనవలసి వచ్చును. పైకప్పు రెండు ప్రక్కలనుండి లోనికి సన్నగిలుచు, క్రిందికి వాలుచు, కొనకు వచ్చును. వెనుక అద్దము ఆ వంపులన్నిటిని అనుసరించి, పెద్దదై, మొన తేలియుండును. దాని క్రింద సామాను అర మూతయు అదే మొనను పట్టుకొని బంపరు వరకు పోవును. ఆ బంపరు సయితము నడుమ కొనదేరి యుండును. వెనుక చక్రములపైనుండు భుజములు ఈ తోకకు ఇరువైపుల ఉబ్బి యుండుటచే, నీటిని చీల్చుకొని పోవు పడవకు ఇరుప్రక్కల అలలు లేచినట్లు తోచును. సాయంకాలపు ఏటవాలు వెలుతురులో ఆ అద్దముపై ఆకాశము ప్రతిఫలించుట నేను చూచితిని. డెట్రాయిటులోని వుడ్‌వర్డు వీథిలో 1995 నుండి ఏటేట ఆగష్టు మాసమున పాతకార్ల ఊరేగింపు జరుగును. అట్టి వీథిలో ఖరీదైన కార్లు నూరు నిలిచియున్నను జనము దీని వెనుకకు చేరి నిలిచిపోవుదురు. అది బాగున్నదని కొందరు, వికారమని కొందరు వాదించుకొందురే గాని, చూడక పోవువారు అరుదు.

లోపలి సంగతులు సంక్షేపముగా చెప్పెదను. దీని ఇంజనులో నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా ఎనిమిది సిలిండర్లు గలవు. వాటి మొత్తము పరిమాణము 455 ఘనపు అంగుళములు. అనగా దాదాపు ఏడున్నర లీటర్లు. 1983లో మనదేశమున వెలువడిన మారుతి 800 ఇంజనులు తొమ్మిదింటిని కలిపినను దీనికి కొంచెము తక్కువయే యగును. 1971లో దీని బలము 315 గుఱ్ఱములని ప్రకటించిరి. ఆ లెక్క ఇంజనును విడిగా బల్లపై నిలిపి, దాని బలమును తినివేయు పరికరములను తొలగించి కొలిచినది. 1972 నుండి కారులో ఇంజను ఎట్లుండునో అట్లే కొలుచు పద్ధతి వచ్చుటచే అంకెలు చాల తగ్గినవి. కనుక ఒక ప్రకటనలో 1971 అంకెను, మరియొకదానిలో 1972 అంకెను చూచి మొదటిది గొప్ప బలము గలదనుకొనరాదు. పాత మానికెను క్రొత్త మానికెతో పోల్చినట్లగును.

ఇంతటి అందమునకు చెల్లించిన మూల్యమేమి? వెనుకకు పోవునపుడు నడుపువానికి తోక కొనయు రెండు మూలలును సరిగా కనబడవు. పదునెనిమిది అడుగుల బండిని అంచనా మీద నడుపవలెను. వెనుక కూర్చున్నవారికి తలపై చోటు తక్కువ. ఎండ ఆ పెద్ద అద్దముగుండ వారి మెడపైననే పడును. సామాను అర మూత ఇరుకు. కారంత పెద్దదైనను పెట్టెలు పెట్టుట కష్టము. మొదటి సంవత్సరము లోపలిగాలి వెలికి పోవుటకై ఆ మూతపై చీలికలు పెట్టిరి. వాటిగుండ నీరు దిగుచున్నదని మరుసటి యేడు తీసివేసిరి. గ్యాలను పెట్రోలునకు పది పన్నెండు మైళ్లు నడచిన గొప్ప. ఉపయోగమను తక్కెడలో తూచినచో ఈ తోక ఒక్క కాసును సంపాదింపలేదు. అది కేవలము కంటికొరకే యున్నది.

ప్రజలేమనిరి? 1969లో పాత రూపపు రివియేరాలు 52,872 తయారైనవి; 1970లో 37,336. పడవతోక వచ్చిన 1971లో 33,810, 1972లో 33,728, 1973లో 34,080. అనగా క్రొత్త రూపము కంపెనీ ఆశించిన జనమును రప్పింపలేదు. రూపము మరీ వింతయని ఆక్షేపణ వచ్చెను. 1973లో ప్రభుత్వ నిబంధనల ననుసరించి, మెల్లగా గ్రుద్దుకొన్నను చెడని పెద్ద బంపరును ముందు అమర్చిరి. వెనుక మొనను కొంచెము మొద్దు చేసిరి. 1974లో తోకను పూర్తిగా కోసివేసి, నలుగురికి నచ్చు సాధారణ రూపము నిచ్చిరి. ఆ సంవత్సరము తయారైనవి 20,129 మాత్రమే. తోక వలననే అమ్మకములు పడిపోయినవని తలచినవారికి తోక తీసినను లాభము కలుగలేదు.

ఆ పతనమునకు మరియొక పెద్ద కారణము కూడ గలదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు పంపుట నిలిపివేసినవి. కొలది మాసములలో ముడిచమురు ధర నాలుగింతలైనది. పెట్రోలు అంగళ్ల ముందు కార్లు బారులు తీరినవి. 1974 జనవరిలో దేశమంతట గంటకు 55 మైళ్లకు మించి నడుపరాదని శాసనము చేసిరి. ఏడున్నర లీటర్ల ఇంజను గల కారు మొన్నటివరకు ఇంటికి శోభ. నేడు ఇంటికి భారము. వస్తువు మారలేదు; దాని చుట్టునున్న కాలము మారినది.

అయినను విలాసపు కూపేలపై అమెరికావారి మోజు చావలేదు; అది వేరు దారి పట్టినది. రేకును తీర్చి అందము తెచ్చుటకు మారుగా, పైకప్పుపై మెత్తని తోలువంటి గుడ్డ నంటించుట, ప్రక్కను చిన్న గుండ్రని కిటికీలు పెట్టుట, లోపల ముఖమలు పరచుట ఎక్కువైనవి. మాటలతో అలంకరించుటయు ఎక్కువైనది. 1975లో వచ్చిన క్రైస్లర్ కోర్డోబా కారును టెలివిజనులో పొగడుచు, రికార్డో మోంటల్బాన్ అను నటుడు దాని ఆసనముల తోలును గ్రీసు దేశపు కొరింతు పట్టణము పేర గంభీరముగా వర్ణించెడివాడు. ఆ తోలునకును కొరింతు పట్టణమునకును ఎట్టి సంబంధమును లేదు. ఆ పేరు ప్రకటనలు వ్రాయువారు కల్పించినది. పడవతోకలో నున్న వింత రేకునందే యున్నది. కొరింతు తోలులో నున్న వింత మాటయందు మాత్రమే యున్నది. ఈ రెంటిని వేరుపరచి చూడగలుగుటయే కొనువానికి కావలసిన మొదటి విద్య.

ఇప్పుడు అమ్మకపు ప్రకటనను చదువు విధము చెప్పెదను. ప్రకటనలలో కొన్ని మాటలు మరల మరల వచ్చును. "అంతయు అసలుదే" అన్నచో రంగు, ఇంజను, లోపలి గుడ్డ కర్మాగారములో వేసినవే కావలెను. ఒక్కసారి రంగు వేయించినను ఆ మాట చెల్లదు. "పునరుద్ధరించబడినది" అన్నచో ఎవరు, ఎప్పుడు, ఏయే పనులు చేసిరో రసీదులు అడుగవలెను. రసీదు లేని పునరుద్ధరణము సున్నము కొట్టిన పాతగోడ వంటిది. "తుప్పు లేదు" అన్నచో ఎచ్చట లేదని యడుగవలెను. మిచిగను రాష్ట్రములో చలికాలమున మంచు కరుగుటకు వీథులలో ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు రేకును క్రిందినుండి తినివేయును. కనుక ఎండదేశములైన అరిజోనా, కాలిఫోర్నియాలలో కాలము గడపిన కారునకు విలువ ఎక్కువ.

చూడబోవునపుడు మెత్తని గుడ్డలో చుట్టిన అయస్కాంతమును వెంట తీసికొని పోవలెను. చక్రములపైనుండు రేకులకును తలుపుల అడుగుభాగమునకును దానిని ఆనించి చూడవలెను. తుప్పుతిన్న చోటును మెత్తుడు ముద్దతో పూడ్చి రంగు వేసియున్నచో అయస్కాంతము పట్టదు. పిదప ముఖ్యముగా ఆ వెనుక అద్దము అడుగు అంచును చూడవలెను. వాననీరు అచ్చట నిలిచి రేకును తినివేసి, సామాను అర అడుగునకు దిగును. అర పరుపు నెత్తి వ్రేళ్లతో తడిమి చూడవలెను. పైకప్పుపై గుడ్డ యంటించి యున్నచో, దాని క్రింద బుడగలవలె ఉబ్బులున్నవేమో నిమిరి చూడవలెను. ఆ ఉబ్బు తుప్పునకు గురుతు. వెనుక అద్దము ఈ మూడేండ్ల కారునకు తప్ప మరి దేనికిని సరిపోదు. అది పగిలియున్నచో, మారుఅద్దము దొరకువరకు బేర మాడకుండుటయే మేలు. ఇంజను భాగములు వెదకినచో దొరకును. రూపమునకు సంబంధించిన భాగములే దొరకుట కష్టము. ఈ కారును ఏ రూపము కొరకు కోరుచున్నామో ఆ రూపమే బాగుచేయుటకు అన్నిటికంటె ఖరీదైనది.

ఇంజనును చల్లగా నున్నప్పుడు నడిపించుమని యడుగవలెను. మనము పోవునప్పటికే మూత వేడిగా నున్నచో ముందుగా నడిపి సిద్ధము చేసిరని తెలియును. పొగ నీలిరంగులో వచ్చినచో నూనె మండుచున్నది. తెల్లపొగ ఎంతసేపటికిని ఆగనిచో నీరు లోనికి దిగుచున్నదని అనుమానింపవలెను. నేటి పెట్రోలులో కలియు మద్యసారము పాత రబ్బరు గొట్టములను చెరచును గనుక, వాటిని మార్చిరో లేదో యడుగవలెను. ముందద్దముగుండ ఎడమవైపున కనబడు సంఖ్యను యాజమాన్యపు కాగితముతో సరిచూడవలెను; బ్యుయిక్ కార్లకు ఆ సంఖ్య 4తో మొదలగును. ఎక్కువ బలముగల గ్రాన్ స్పోర్టు రకమని చెప్పి ఎక్కువ సొమ్ము అడిగినచో, ఆ మాటను ఊరక నమ్మరాదు. పైన అంటించిన పేరుపలక సాక్ష్యము కాదు. కొన్ననాటి కాగితము చూపవలెను. పత్రములు లేని పొలమునకు మీరు పూర్తివెల ఇత్తురా?

ఇక మీ మనుమడు అడిగిన ప్రశ్నకు మనము చెప్పవలసిన జవాబు. దినదినము పనికి పోవుటకు, పిల్లలను బడికి చేర్చుటకు ఈ కారు తగదని స్పష్టముగా చెప్పవచ్చును. వేగముగా నడచినను అద్భుతమైన పనితనము గలదియు కాదు. కొన్ననాటి వెల కంటె నిలుపుకొనుటకు ఏటేట అగు వ్యయమును లెక్కించుకొనవలెను. ఇల్లు గడుచుటకు కావలసిన ధనములోనుండి దీనికై ఒక్క డాలరును తీయరాదు. అప్పు తెచ్చి కొనరాదు. ముందు ముందు వెల పెరుగునని లాభము కోరి కొనుటయు మంచిది కాదు. ఆ బేరములో ఆరితేరినవారు వేరే యున్నారు.

అయినను ఇన్నియు తెలిసి, మిగులు ధనముతో, ఒక చక్కని వస్తువును తన కాలములో పాడుకానీయక కాపాడుదునని అతడు కొనినచో నేను దానిని తెలివితక్కువ యనను. ఉపయోగమును మించినది ఇంటిలో ఏదియు నుండరాదన్నచో మన గడపకు పసుపుకుంకుమలేల, బండి నొగలకు ఇత్తడి పువ్వులేల, ఎద్దు కొమ్ములకు కుప్పెలేల? 1974లో అందరికిని నచ్చవలెనని తీర్చిన కారును వెదకుకొని వచ్చువారు నేడు కొలదిమంది. కొందరైనను గాఢముగా మెచ్చవలెనని తీర్చిన పడవతోకకు మాత్రము ఊరూర ప్రేమికులున్నారు. మూడేండ్లలో మొత్తము 1,01,618 తయారైనవి. వాటిలో నేడు మిగిలినవి ఎవరో ఒకరు తుప్పును తుడిచి, నీడన నిలిపి కాపాడుటచేతనే మిగిలినవి.

అందమునకు వెల గలదు. ఆ వెల ఎంతయో ముందుగా తెలిసికొని, అది తన శక్తికి లోబడి యున్నదని తేల్చుకొని ఇచ్చువాడు మోసపోడు. తెలియక యిచ్చువాడు తోకను చూచి పడవ యనుకొని నీటిలో దిగినవాని వంటివాడు. కనుక మీ మనుమని కారు రంగేమని యడుగక ముందు, వెనుక అద్దము అడుగున చేయి పెట్టి చూచితివా యని యడుగుడు. సెలవు.